దిక్కు తోచకపోవడం

'దిక్కు' సంస్కృతం నుంచి వచ్చిన మాటే. అక్కడ తూర్పూ పడమరే దాని ముఖ్యార్థం. మన నోట పడ్డాక అది మనిషైంది. 'నాకు నువ్వే దిక్కు' అంటే నువ్వే ఆసరా అని. దిక్కూ మొక్కూ లేదంటాం, దిక్కులేని చావంటాం. చివరికి 'దిక్కుమాలిన' అన్నది తిరగని ఫ్యానుకీ, రాని బస్సుకీ తిట్టయి కూర్చుంది. పనిమాలిన, మతిమాలిన లాగే ఇక్కడా 'మాలిన' అంటే లేని. ఆ తిట్టు వెనక ఎంత దుఃఖముందో మరిచిపోయాం.

సంస్కృతంలో 'ఆశ'కు కూడా దిక్కనే అర్థముంది. అమరకోశం దిక్కు పేర్లలో దాన్నీ చేర్చింది. కోరిక అనే ఆశ వేరు, ఇది వేరని నిఘంటుకారులు విడదీస్తారు. నా మనసు మాత్రం విడదీయలేదు.

ఒకసారి ఆసుపత్రి వరండాలో ఒక పెద్దావిడను చూశాను. ఒళ్లో ఫైలు, చేతిలో నలిగిన మందుల చీటీ. ఏడవడం లేదు. గుమ్మం వైపు లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. "ఎటు పోవాల్నో తెలుస్తలేదు బిడ్డా" అంది. బాధ కన్నా, భయం కన్నా ఘోరమైంది ఇదేననిపించింది. నొప్పి పుడితే మనిషి ఎటో ఒకవైపు పరిగెడతాడు. దిక్కు తోచకపోతే కాళ్లే కదలవు.

'తోచదు' అన్నారు మన పెద్దలు, గమనించండి. తోచనిది రేపు తోచవచ్చు. మీరో మీవాళ్లో ఆ స్థితిలో ఉంటే 14416కు ఫోన్ చేయండి. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి, టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు. రాత్రైనా పగలైనా తెలుగులోనే మాట్లాడవచ్చు.