వాల్తేరు విద్వాంసులు

1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఉపాధ్యక్షులైన పిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు తీరు తీరుల విద్వాంసులు వచ్చి చేరిరి. రామన్ శిష్యులగు సూరి భగవంతం గారు కాంతి చెదరు విధమును పరిశీలించిరి; గణితజ్ఞులగు వెంకటరాయుడు గారితో కలసి, సమూహ సిద్ధాంతమును భౌతికశాస్త్రమునకు అన్వయించుచు 1948లో గ్రంథము వెలువరించిరి. అది అందరికిని కొరుకుడు పడునది కాదు.

మాకు టి.ఆర్. శేషాద్రి గారి కథపై మక్కువ యెక్కువ. పత్తిపూవునకు ఆ పసుపువన్నె యెట్లు వచ్చినదని ఆయన శోధించిరి. పత్తిచేను చూచినవారమే గాని, పూవు నట్లు ప్రశ్నించినవారము కాము. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాను బాంబులు పడెను. విద్యాలయ భవనములు సైన్యము వశమయ్యెను. ప్రయోగశాలను ముందు గుంటూరునకు, పిదప మద్రాసునకు తరలింపవలసివచ్చెను. గాజుగొట్టములతో ఆ ప్రయాణ మెట్టిదో! 1949లో ఢిల్లీ చేరినను ఆయన ఆ వన్నెలను విడువలేదు. 1960లో రాయల్ సొసైటీ సభ్యులైరి.