అనునాదకము: హెల్మ్‌హోల్ట్జ్ గోళమునుండి లారీ ఇంజనువరకు

బిందెలో నీరు పోయుచుండగా దాని ధ్వని క్రమముగా హెచ్చుస్థాయికి పోవుట అందరికిని అనుభవమే. బిందె నిండినకొలది లోపలి గాలి తగ్గును. తగ్గిన గాలి మరింత త్వరగా కంపించును. నేటి డీజిలు లారీలలో గాలిగొట్టమునకు అమర్చు అనునాదకమునకు ఈ ధర్మమే మూలము. దానిని తీసివేసినచో ఇంజను శక్తి పెరుగునని కొందరు నమ్ముదురు. ఆ నమ్మకములోని నిజమెంతయో తెలియవలెనన్న దాని చరిత్ర తెలియవలెను.

జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ (1821–1894) వైద్యము చదివి భౌతికశాస్త్రమునకు వచ్చినవాడు. ఒకే స్వరమును వయొలిను, పిల్లనగ్రోవి వేరువేరు గుణములతో పలుకుటకు కారణమేమి? ప్రధాన స్వరముతో కలసియున్న ఉపస్వరములే కారణమని ఆయన చూపెను. వాటిని విడదీసి వినుటకు బోలు గోళములను వాడెను. గోళమునకు ఒకవైపు తెరచిన మూతి, రెండవవైపు చెవిలో ఇముడు సన్నని కొన యుండును. ప్రతి గోళమును తనకు తగిన స్వరమునకే బలముగా మ్రోగును. 1863లో వెలువడిన తన గ్రంథములో ఆయన ఈ విషయములను వివరించెను. పారిస్‌లోని రుడాల్ఫ్ కోనిగ్ ఇట్టి గోళములను వరుసలుగా తయారుచేసెను.

గోళపు మెడలోని గాలి చిన్న బరువువలె, లోపలి గాలి స్ప్రింగువలె పనిచేయును. కావున లోపలి ఘనపరిమాణము హెచ్చినను, మెడ పొడవైనను పౌనఃపున్యము తగ్గును. మెడ వెడల్పైనచో పెరుగును.

వినుటకు పుట్టిన ఈ పరికరమే ధ్వనిని అణచుటకును పనికివచ్చెను. గొట్టమునకు ప్రక్కగా దీనిని అమర్చినచో, తన పౌనఃపున్యముగల తరంగము వచ్చినపుడు మెడలోని గాలి తీవ్రముగా కదలి, ఆచ్చటి పీడనపు హెచ్చుతగ్గులను రద్దుచేయును. తరంగము ముందుకు సాగక వెనుకకు మరలును.

ఇక ఇంజను విషయము. స్విట్జర్లండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషి, వృథాగా పోవు పొగలోని శక్తితో గాలిని ఒత్తి ఇంజనులోనికి పంపు పద్ధతికి 1905లో పేటెంటు పొందెను. అదియే టర్బోచార్జరు. 1920ల మధ్యకాలమున ‘ప్రాయిసెన్’, ‘హాన్సెష్టాట్ డాంజిగ్’ అను జర్మను ఓడలలో, 10 సిలిండర్ల డీజిలు ఇంజనుల శక్తి దీనివలన 1750నుండి 2500 హార్సుపవరుకు పెరిగెను. 1938లో స్విట్జర్లండులోని సౌరర్ సంస్థ టర్బోచార్జరును లారీ ఇంజనులకు తెచ్చెను.

శక్తితోపాటు కొత్త ధ్వనియు వచ్చెను. నిమిషమునకు 1800 చుట్లు తిరుగు 6 సిలిండర్ల నాలుగుఘాతముల ఇంజను సెకనుకు 90 సార్లు గాలి పీల్చును; ఇది బొంగురు శబ్దము. 6 రెక్కల టర్బో చక్రము నిమిషమునకు 1,00,000 చుట్లు తిరిగినచో సెకనుకు 10,000 కంపనముల ఈల పుట్టును. 1970లో ఐరోపా ఆర్థిక సమాజము వాహనముల ధ్వనికి హద్దులు విధించెను. పొగగొట్టపు శబ్దము తగ్గినకొలది గాలిగొట్టపు శబ్దము ప్రస్ఫుటమయ్యెను. దానిని అణచుటకు అనునాదకములు అవసరమయ్యెను.

అనునాదకమును తీసివేసిన శక్తి పెరుగునా? ఈ నమ్మకమునకు కొంత మూలము లేకపోలేదు. టర్బో లేని పెట్రోలు ఇంజనులలో గాలిగొట్టపు పొడవును అనునాదమునకు సరిపుచ్చి శక్తి పెంచుట కలదు. 1960నాటి క్రైస్లర్ 300ఎఫ్ కారుకు అందులకే 30 అంగుళముల గొట్టములు అమర్చిరి. టర్బో డీజిలులో గాలిని నెట్టునది టర్బోచార్జరు. శక్తిని ముఖ్యముగా నిర్ణయించునది లోనికి చిమ్మబడు ఇంధనము. పైగా ప్రక్కనున్న అనునాదకముగుండా గాలిప్రవాహము సాగదు. అది అడ్డుకానపుడు, తీసివేసిన లాభమేమి?

నష్టము మాత్రము కలుగవచ్చును. అనునాదకము వడపోతకును టర్బోకును నడుమనుండి, తీసిన రంధ్రమును సరిగా మూయనిచో, వడగట్టని దుమ్ము టర్బో రెక్కలను, సిలిండరు గోడలను అరగదీయును. టర్బోకు తరువాత నున్నచో ఒత్తిన గాలి బయటికి పోయి, శక్తి తగ్గి, నల్లని పొగ వచ్చును. రంధ్రమును చక్కగా మూసినను మిగులునది టర్బో ఈల మాత్రమే. ఆ ఈల విని ఇంజను బలపడెనని తోచును. కాని చెవికి తోచిన హెచ్చు చక్రములకు చేరదు.