చెవికి మార్కుల్లేని చదువు

ఆగస్టు 29 దగ్గర పడేకొద్దీ ఆంధ్రప్రదేశ్‌లోని బడులన్నిటికీ గిడుగు వెంకట రామమూర్తి గుర్తుకు వస్తారు. 1863లో ఆ తేదీన శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించిన ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకోవడం ఆనవాయితీ అయింది గనుక, వాడుక భాషకు పట్టం కట్టిన మహనీయుడిగా ఆయనను కీర్తించే ప్రసంగాలకు ఆ వారమంతా కొదవ ఉండదు. అయితే ఆ పోరాటం ఒక బడి తనిఖీతో మొదలై పరీక్ష కాగితం మీద ముదిరిందన్న సంగతి ప్రసంగాల హోరులో తరచు జారిపోతుంది. ఒక భాష వచ్చిందో లేదో తేల్చడానికి విద్యార్థి కంటిని పరీక్షించాలా, చేతిని పరీక్షించాలా, చెవిని పరీక్షించాలా అన్నది నాటి వివాదానికి మూలంలో ఉన్న ప్రశ్న. నూరేళ్లు దాటాక అదే ప్రశ్న తెలుగును వదిలి ఇంగ్లీషు పాఠంలోకి దూరి, నర్సీపట్నం వంటి మన్యపు ముఖద్వార పట్టణాల ప్రభుత్వ పాఠశాలల దాకా వచ్చింది.

ముందుగా రెండు మాటలకు అర్థం చెప్పుకోవాలి. విద్యార్థి అంతకు ముందు చూడని పాసేజ్ ఒకటి ఇచ్చి, దాని కింది ప్రశ్నలకు జవాబులు రాబట్టడం పఠన పరీక్ష. రికార్డు చేసిన సంభాషణనో ప్రకటననో వినిపించి, విన్నదాంట్లో ఏం బోధపడిందో అడగడం శ్రవణ పరీక్ష, అంటే ఇప్పుడు అందరూ లిజనింగ్ టెస్ట్ అంటున్నది. మొదటిది అచ్చుయంత్రం ఉంటే సాగుతుంది. రెండోదానికి ఒకే గొంతును ఒకే వేగంతో వేలమందికి వినిపించే సాధనం కావాలి. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టేదాకా అటువంటి సాధనం ప్రపంచంలోనే లేదు.

వీధిబడుల కాలంలో పరీక్ష అంటే అప్పజెప్పడం. ఇసుకలో ఓనమాలు దిద్ది, శతక పద్యాలూ ఎక్కాలూ బట్టీ పట్టిన పిల్లవాడు పంతులు ముందు నిలబడి గడగడా వల్లిస్తే చదువు వచ్చినట్టే లెక్క గనుక, ఆ పద్ధతిలో నోరు పిల్లవాడిది, చెవి పంతులుది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లచేత బడుల లెక్కలు తీయించినప్పుడు ఈ బడులు వేల సంఖ్యలో తేలాయి. వాటికి ముందరి శతాబ్దాలను గురించి చెప్పడానికి ఆధారాలు మరీ పలచన కాబట్టి ఈ కథ వాటిని ఒక్క అంగలో దాటక తప్పదు.

తెలుగు దేశానికి సంబంధించి ఇంగ్లీషువాళ్ల హయాంలో వచ్చిన తొలి భాషా పరీక్షలు తెలుగువాళ్లకు పెట్టినవి కావన్నది కొంత ముచ్చట కలిగించే విషయం. 1812లో మద్రాసులో నెలకొన్న సెయింట్ జార్జి కోట కళాశాలలో, కంపెనీ కొలువుకు వచ్చిన కుర్ర దొరలు దేశభాషలు నేర్చి పరీక్ష నెగ్గితేనే జిల్లాలకు వెళ్లగలిగేవారు. వారికోసమే ఎ.డి. క్యాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించాడు. 1817లో మద్రాసులో దిగిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అక్కడే అక్షరాలు దిద్ది 1820లో కడపకు చేరాడు. కచేరీ గుమ్మంలో నిలబడి రైతు చెప్పుకునే గోడు వినాలి, అతడు తెచ్చిన అర్జీ చదవాలి. ఈ రెండూ రాని దొరతో సర్కారుకు పని జరగదు. పాలకుడికి చెవి అవసరమైనంతగా పాలితుడికి అవసరమని ఆ సర్కారు ఎన్నడూ అనుకున్నట్టు కనబడదు.

1854లో ఉడ్ పంపిన విద్యా ఉత్తర్వు, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం, దాని మెట్రిక్యులేషను పరీక్ష ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడ్డాయి. సర్కారు కొలువుకు దారి మెట్రిక్యులేషను, దాని గుమ్మంలో ఇంగ్లీషు పేపరు. మద్రాసులో తయారైన ప్రశ్నలకు విశాఖపట్నంలోనో విజయనగరంలోనో కూర్చున్న కుర్రవాడు కాగితం మీద జవాబు రాయాలి. అతడు ఇంగ్లీషు వినగలడా, నలుగురిలో పలకగలడా అన్నది ఆ కాగితానికి పట్టలేదు. తరగతి గదిలో మాస్టరు చదువుతూ ఉంటే రాసుకునే డిక్టేషన్ ఒక్కటే చెవికి దక్కిన వాటా. ఇప్పటి అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరంలో 1862లో పుట్టిన గురజాడ అప్పారావు, ఈ చదువు తీరుతెన్నులను ‘కన్యాశుల్కం’లో గిరీశం, వెంకటేశం అనే గురుశిష్యుల మీదుగా ఎంత ఎగతాళి చేశారో తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. పరీక్ష తప్పిన శిష్యుడి నాలుగు ఇంగ్లీషు ముక్కలు విని తల్లి మురిసిపోతుంది. ఆ కాలంలో మారుమూల అగ్రహారాల్లో శ్రవణ పరీక్ష అంటూ ఏదైనా జరిగిందంటే అది అంతే: పరీక్షాధికారిణికి ఇంగ్లీషు రాదు, అభ్యర్థికీ రాదు, అయినా ఫస్టు క్లాసు.

ఇక అసలు కథ. 1907 ప్రాంతంలో ఉత్తర జిల్లాల పాఠశాలల తనిఖీకి జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయ అధికారి వచ్చాడు. తెలుగు నేర్చుకునే పట్టుదల ఉన్న మనిషి కావడంతో, పిల్లలు తమలో తాము మాట్లాడుకునే తెలుగు ఒకటి, వాచకంలోని తెలుగు వేరొకటి కావడం అతడి చెవికి వెంటనే తగిలింది. చూసిన మాటను పలకలేక, పలికే మాటను రాయకూడక పిల్లలు అవస్థ పడుతున్నారు; మాస్టరేమో పాఠాన్ని మళ్లీ తెలుగులోంచి తెలుగులోకే అనువదించి చెబుతున్నాడు. ఈ తేడా ఎందుకని అతడు అడిగిన ప్రశ్నకు విశాఖపట్నం మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు స్పందించారు, విజయనగరంలో గురజాడ స్పందించారు, పర్లాకిమిడిలో మాస్టరీ చేస్తున్న రామమూర్తి స్పందించారు. తెలుగు బడి గొడవకు తొలి పిలుపు ఒక తెల్లదొర నుంచి, తొలి బదుళ్లలో ఒకటి తమిళుడైన ప్రిన్సిపాలు నుంచి రావడం చరిత్ర చేసే కొంటె పనుల్లో ఒకటి.

నలుగురినీ కలిపిన సూత్రానికి అప్పట్లో యూరపు నుంచి వచ్చిన పేరు డైరెక్ట్ మెథడ్, అంటే ప్రత్యక్ష పద్ధతి. అన్యభాషను అనువాదం ద్వారా, వ్యాకరణ సూత్రాల ద్వారా కాక, ఆ భాషలోనే విని, ఆ భాషలోనే బదులు చెబుతూ నేర్చుకోవాలన్నది దాని సారాంశం. హెన్రీ స్వీట్, ఒటో యెస్పర్సన్ వంటి ధ్వనిశాస్త్రజ్ఞుల రచనలు చదివిన రామమూర్తికి భాష మొదట వినబడేదని, ఆ తరువాతే కనబడేదని గట్టిగా నాటుకుంది. దానికి పుస్తకజ్ఞానం ఒక్కటే కారణం కాదు. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లోని సవరలకు లిపి లేదు, పుస్తకం లేదు, వ్యాకరణం అసలే లేదు. వారి భాష రావాలంటే వినడం తప్ప గత్యంతరం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన వ్యక్తిని ఇంట్లో పెట్టుకొని ఆయన ఆ భాషను చెవితో పట్టుకున్నారు, సవర పిల్లలకు వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. 1930లలో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసిన సవర వ్యాకరణానికీ నిఘంటువుకూ పునాది ఆ వినికిడే.

ఆ వినికిడికి ఆయన చెల్లించిన మూల్యం మాత్రం చాలా పెద్దది. సవర కొండల్లో తిరిగినందుకు మలేరియా పట్టుకుంది. జ్వరానికి వాడిన క్వినైను ఆయన చెవులను శాశ్వతంగా దెబ్బతీసింది. ఆయన తండ్రి వీర్రాజు ఉద్యోగరీత్యా చోడవరానికి బదిలీ అయి, 1875లో అక్కడే విషజ్వరంతో కన్నుమూశారన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం. నర్సీపట్నానికి ఎంతో దూరం లేని చోడవరం తండ్రిని తీసుకుంటే, పర్లాకిమిడి కొండలు కొడుకు చెవులను తీసుకున్నాయి. మాట చెవికి చెందినదని జీవితమంతా వాదించిన మనిషి ఎదుటివారి వాదం వినలేని స్థితిలో సభల్లో నిలబడి గంటల తరబడి మాట్లాడారు. ఈ ఒక్క దృశ్యం దగ్గర ఎవరి కలమైనా కొంచెం ఆగుతుంది.

వివాదం పరీక్షల దగ్గర ముదిరింది. మెట్రిక్యులేషను స్థానంలోకి వచ్చిన స్కూలు ఫైనలు పరీక్షలో తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలోగానీ ఆధునిక భాషలోగానీ రాయవచ్చునని 1912-13లో బోర్డు కార్యదర్శి ఒక సర్క్యులరు ఇచ్చి, ఆధునిక భాషకు నమూనాలుగా బ్రౌను సేకరించిన తాతాచారి కథలను, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను చూపాడు. దాంతో పండిత లోకం భగ్గుమంది. జయంతి రామయ్య పంతులు అధ్యక్షతన 1911లోనే ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షాన నడుం కట్టగా, 1913లో రామమూర్తి ఆధునిక తెలుగుపై ఇంగ్లీషులో మెమొరాండం ప్రకటించారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి సుదీర్ఘమైన అసమ్మతి పత్రం సమర్పించి మరుసటి ఏడాది నవంబరు 30న కన్నుమూశారు. విద్యార్థికి దొరికిన ఆ కాస్త స్వేచ్ఛ కొద్దికాలానికే వెనక్కి పోయింది. ఇంగ్లీషు పేపరులో చాసరు నాటి భాష రాయమని అడగని బోర్డే, తెలుగు పేపరులో నన్నయ కాలపు క్రియారూపాలు రాయనివాడి మార్కులు కోయడం విడ్డూరమన్న సంగతి ఆనాడు ఎక్కువమందికి తట్టినట్టు లేదు.

యేట్సు ప్రశ్నకు రెండేళ్ల ముందే, 1905లో, చైనా తన పురాతన రాజపరీక్షను రద్దు చేసింది. పదమూడు శతాబ్దాలపాటు ఉద్యోగులను ఎంచిన ఆ పరీక్ష కూడా పూర్తిగా కంటిదీ చేతిదీ. ఏ ప్రాంతంవాడు ఏ యాసలో పలికినా రాసే భాష ఒక్కటే. దాని నీడ ఎంత పొడుగంటే, 1977లో పునరుద్ధరించిన గావ్‌కావ్ అనే జాతీయ కళాశాల ప్రవేశ పరీక్షలోనూ ఇంగ్లీషు చాలాకాలం కాగితానికే పరిమితమైంది. పాసేజిలన్నిటికీ జవాబులు గుర్తించి, మనిషి ఎదురుపడితే నోరు పెగలని చదువుకు చైనావారే ‘చెవిటి మూగ ఇంగ్లీషు’ అని పేరు పెట్టుకున్నారు. 1980ల మధ్యలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో గుయ్ షిచున్ వంటి భాషాశాస్త్రజ్ఞుల పూనికతో పరీక్షకు కొత్త రూపు వచ్చింది. శతాబ్దం మారే వేళకు శ్రవణ భాగం చేరింది. ప్రామాణిక జాతీయ ప్రశ్నపత్రంలో 150 మార్కులకు 30 మార్కులు వినికిడికే. మొదటి ఐదు చిన్న సంభాషణలు ఒక్కసారే వినిపిస్తారు, పొడుగువి రెండుసార్లు. సుమారు ఇరవై నిమిషాల ఆ వ్యవధిలో పరీక్షా కేంద్రాల పరిసరాల్లో హారన్లు మోగవు, నిర్మాణ పనులు ఆగుతాయి, కొన్నిచోట్ల విమానాలనూ దారి మళ్లిస్తారు. చెవి కోసం ఊరంతా ఊపిరి బిగబట్టే అటువంటి దృశ్యాన్ని చూడగలిగి ఉంటే రామమూర్తి ఏమనేవారో ఊహించుకోవలసిందే.

తెలుగునాట ఆ వరుస ఇంత సాఫీగా సాగలేదు. 1958లో హైదరాబాదులో కేంద్ర ఆంగ్ల సంస్థ వెలిసింది. కన్నడ కవి వి.కె. గోకాక్ తొలి సంచాలకుడు. ఇప్పుడు ఇఫ్లూగా పిలిచే ఆ విశ్వవిద్యాలయంలో భాషా ప్రయోగశాలలు, అంటే చెవికి హెడ్‌ఫోన్లు తగిలించుకొని ఉచ్చారణ సాధన చేసే గదులు, తరాల అధ్యాపకులను తీర్చాయి. ఆ అధ్యాపకులు తిరిగి వెళ్లిన బడుల్లో మాత్రం గైడ్లు, బిట్ పేపర్లు, ట్యూషన్లు రాజ్యమేలాయి. పదో తరగతి ఇంగ్లీషు పేపరులోకి చూడని పాసేజీలు వచ్చి పఠన పరీక్ష కొంత నిజమైంది గానీ, మార్చి నెల పబ్లిక్ పరీక్షలో వినికిడికి చోటు దొరకలేదు. సీబీఎస్‌ఈ కొన్నేళ్లు వినడం, మాట్లాడడం అనే అంశాలకు విడిగా పరీక్ష పెట్టి, తరువాత దాన్ని సడలించింది.

2023 జూన్‌లో కథ మలుపు తిరిగింది. అమెరికాలో న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్ సమీపంలో ఉండే ఈటీఎస్ సంస్థతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒప్పందం చేసుకొని, మూడు నుంచి ఐదు తరగతులకు టోఫెల్ ప్రైమరీ, ఆపై ఉన్నత తరగతులకు టోఫెల్ జూనియర్ పరీక్షలను సర్కారు బడుల్లోకి తెచ్చింది. టోఫెల్ అంటే 1964 నుంచి విదేశీ విశ్వవిద్యాలయాలకు వెళ్లేవారి ఇంగ్లీషును కొలిచే తూనికరాయి. జూనియర్ రకంలో వినికిడి, భాషారూపం, పఠనం అనే మూడు భాగాలకు తలా 42 ప్రశ్నలు, మొత్తం 126. అంతదాకా అమెరికా వీసా కోసం హైదరాబాదు కోచింగు సెంటర్లలో మాత్రమే వినబడిన పేరు, లంబసింగి ఘాట్ కిందనున్న నర్సీపట్నం పిల్లల నోట పడింది. చింతపల్లి, కొయ్యూరు మన్యం బడుల్లో ఇంటి దగ్గర కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ మాట్లాడే పిల్లలున్నారు. వారికి తెలుగే రెండో భాష, ఇంగ్లీషు ఆ తరువాతది. గోడకున్న డిజిటల్ తెర మీద అమెరికన్ గొంతు ఒకసారి పలికి ఊరుకుంటే, పట్టుకున్నవాడికి పట్టుకున్నంత.

2024 ఏప్రిల్‌లో పరీక్ష జరిగింది, జూన్‌లో ప్రభుత్వం మారింది, పథకం ఆగిపోయింది. డబ్బు దండగన్నవారి మాటలోనూ, పేద పిల్లలకు పెద్ద బడి అవకాశం దక్కిందన్నవారి మాటలోనూ కొంత నిజం ఉంది. ఒక్క విడత పరీక్షతో ఏ పిల్లవాడి చెవి ఎంత తెరుచుకుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. వేయి సర్కారు బడులకు ఇచ్చిన సీబీఎస్‌ఈ గుర్తింపు కూడా అదే ఏడాది రాష్ట్ర బోర్డుకు తిరిగి మళ్లింది. ఈ రానుపోను ప్రయాణంలో ఒక క్రమం వెతకబోయిన చరిత్రకారుడికి చేతికి చిక్కేది జీవోల కట్ట మాత్రమే.

నర్సీపట్నం నుంచి చోడవరం మీదుగా పోయే దారి రామమూర్తి తండ్రి చివరి మజిలీని తాకుతుంది. ఇదే అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరం గురజాడ జన్మస్థలం. ఈ ఆగస్టు 29న కూడా ఈ దారి పొడుగునా బడుల్లో మాతృభాష గొప్పదనం మీద పోటీలు ఉంటాయి. ఏటా ఉండేవి ఎక్కువగా వ్యాసరచన పోటీలే.