లేపాక్షిలో స్తంభం చూశారు సరే, పైకప్పు చూశారా?

లేపాక్షి అనగానే మీ ఫోన్లో వచ్చే మొదటి రీల్ ఏంటో చెప్పనా? వేలాడే స్తంభం. ఎవరో ఒకరు కండువా తీసి స్తంభం కింద ఒక పక్క నుంచి దూర్చి, ఇంకో పక్క నుంచి లాగుతుంటారు. తప్పేం లేదు, నేనూ చేశాను. కానీ అందరం కిందికే చూస్తున్నాం. అసలు నిధి మన తల పైన ఉంది. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఊరు సంగతి. హిందూపురానికి దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు ఇది. తాబేలు వీపులా కనిపించే కూర్మశైలం అనే రాతిగుట్ట మీద వీరభద్రస్వామి గుడి ఉంది. 16వ శతాబ్దంలో, విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలుతున్న రోజుల్లో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు దీన్ని కట్టించారు. పెనుకొండ కేంద్రంగా పెద్ద ఉద్యోగం చేసినవాడు విరూపణ్ణ.

నాట్యమండపంలో దాదాపు 70 స్తంభాలు ఉన్నాయి. వాటిలో ఒక్కటే నేలకి పూర్తిగా ఆనదు. పైకప్పు బరువుని చుట్టూ ఉన్న స్తంభాలు, దూలాలు మోస్తున్నాయి కాబట్టే అది అలా నిలబడగలుగుతోంది. అంటే మాయ ఆ ఒక్క స్తంభంలో లేదు, మొత్తం కట్టుబడిలో ఉంది.

ఇప్పుడు తల పైకెత్తండి. రాతి పలకల మీద సున్నపు పూత, దాని మీద ఎర్రటి నేపథ్యం, నల్లటి గీతలు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ రంగులు. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం ఒకదాని పక్కన ఒకటి నడుస్తాయి. విజయనగర కాలం నాటి గోడబొమ్మల్లో ఇంత ఎక్కువగా మిగిలినవి చాలా అరుదు.

కథలు పక్కన పెట్టి బట్టలు చూడండి. ఆడవాళ్ళ చీరల మీద గళ్ళు, చారలు, పువ్వులు. ఒక్కో చీరకి ఒక్కో అంచు. పక్కకి ముడిచిన కొప్పులు. మగవాళ్ళ తలల మీద పొడుగాటి కుళ్ళాయిలు. తిరుమలలో కృష్ణదేవరాయల కంచు విగ్రహం తల మీద ఉండేది అలాంటిదే. దాదాపు 500 ఏళ్ళ కిందట మనవాళ్ళు ఏం కట్టుకున్నారో ఏ శాసనమూ ఇంత వివరంగా చెప్పదు. లతామండపం స్తంభాల మీద చెక్కిన లతలు, డిజైన్లు కూడా ఆ తర్వాత చీర అంచుల్లోకి వచ్చాయి.

ఇంకో మాట. ఖజానా డబ్బు గుడికి ఖర్చుపెట్టాడని రాజు కళ్ళు తీయించమన్నాడనీ, విరూపణ్ణే తన కళ్ళు పీకి గోడకి కొట్టాడనీ ఊళ్ళో కథ చెబుతారు. గోడ మీద ఎర్రటి మరకలు కూడా చూపిస్తారు. పైకప్పు లేకుండా మిగిలిపోయిన కల్యాణమండపం ఆ కథకి తోడైంది. కానీ గర్భగుడి ముందు పైకప్పు మీద అన్నదమ్ములిద్దరూ పరివారంతో సహా స్వామికి మొక్కుతూ ఉన్నారు, కళ్ళు పెద్దవి చేసుకుని! కథ మనకి మరకలు చూపిస్తోంది. బొమ్మ మనిషిని చూపిస్తోంది.

ఇక్కడే అసలు భయం. స్తంభం రాయి, అది ఉంటుంది. రంగు అలా కాదు. రాళ్ళ సందుల్లోంచి తేమ దిగితే సున్నం ఉబ్బి, పొరలుగా రాలిపోతుంది. ఇప్పటికే చాలా చోట్ల ముఖాలు చెరిగిపోయి గీతలే మిగిలాయి. ఒక్కసారి రాలిన ముఖాన్ని మళ్ళీ ఎవరూ గీయలేరు. గీసినా అది మనదే అవుతుంది, వాళ్ళది కాదు.

ఈ గుడి, ఊరి బయటి ఏకశిలా నంది కలిసి 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకి ఎక్కాయి. మంచిదే. మన వంతు మాత్రం చిన్నదే. రంగులున్న చోట చెయ్యి పెట్టొద్దు, ఫ్లాష్ వెయ్యొద్దు. ఈసారి వెళ్తే కండువా లాగడం అయ్యాక ఒక్క పది నిమిషాలు పైకి చూడండి.

మీ ఊరి గుడి పైకప్పు మీద ఏముందో ఎప్పుడైనా చూశారా? చూసి కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం.