పోచంపాడ్ చేప - మన గంప కథ

మన దిక్కు గోదారిని గోదారి అనేటోళ్లు తక్కువ. మనకు అది గంగ. గంగను నమ్ముకొని బతికినోళ్లే గంగపుత్రులు. చెరువులను నమ్ముకున్నోళ్లలో ముదిరాజులూ ఉన్నారు. పోచంపాడ్ కట్ట గురించి చెప్పేటప్పుడు అందరూ కాల్వలు, వరి, పసుపు గురించే చెప్తారు. చేప గురించి, ఆ చేపను గంపలో పెట్టుకొని అంగడికి పోయిన ఆడోళ్ల గురించి రాసింది తక్కువ. అందుకే ఈ ఏటి పుస్తకంలో నాలుగు మాటలు.

కట్ట రాకముందు ఇక్కడ చేపంటే వాగు చేప, చెరువు చేప. అందులో రాజు కొర్రమట్ట. నిలువ నీళ్లలో, గడ్డిలో తనంతట తానే గుడ్లు పెడుతుంది. తల్లీ తండ్రీ రెండూ పిల్లలకు కావలి కాస్తాయి. పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి తక్కువ నీళ్లలోనూ బతుకుతుంది, అంగట్లో ప్రాణంతోనే అమ్ముడుపోతుంది. 2016లో తెలంగాణ సర్కారు దీన్నే రాష్ట్ర చేపగా ప్రకటించింది.

1963 జులై 26న ప్రధాని నెహ్రూ పోచంపాడ్ దగ్గర ప్రాజెక్టుకు పునాదిరాయి వేసిండు. తర్వాత దాని పేరు శ్రీరాంసాగర్ అయింది. 42 గేట్లు, 1091 అడుగుల నిండు మట్టం, మొదట్లో 112 టీఎంసీల నీళ్లు. ఎన్నో ఊళ్లు, భూములు ఆ నీళ్ల కింద మునిగినయి. పారే గంగ నిలిచే సముద్రమైంది. వాగులో వల విసిరినోళ్లకు లోతు నీళ్ల వేట కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. బొచ్చె, రవ్వ, మృగాల చేపలు నిలువ నీళ్లలో పెరుగుతాయి గానీ గుడ్లు పెట్టవు. వాటికి వరద నీటి పారకం కావాలి. ఈ చిక్కును 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు విప్పిండ్రు. చేప మెదడు కింది గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, చెరువు చేపతోనే గుడ్లు పెట్టించిండ్రు. అందుకే జులై 10ని దేశమంతా చేపల రైతుల దినంగా జరుపుతారు. పోచంపాడ్‌లో చేప పిల్లల కేంద్రం నడవడానికి, ఏటా వానాకాలంలో నీళ్లలో పిల్లలను వదలడానికి మూలం ఆ పనే. సన్న కన్ను వలతో చిన్న పిల్లలను పట్టొద్దని పెద్దలు చెప్పేది కూడా ఇందుకే. ఇయ్యాల పిల్లను పడితే రేపటి కిలో చేప పోయినట్టే.

ఇగ మన సంగతి. వల మగవాళ్లది, గంప మనది. ఏరుడు, కడుగుడు, ఎండబెట్టుడు, ఊరూరు తిరిగి అమ్ముడు, ఉద్దెర వసూలు - సగం పని ఆడోళ్లదే. కానీ మత్స్య సహకార సంఘాల సభ్యత్వ పుస్తకాల్లో ఎక్కువగా మగవాళ్ల పేర్లే ఉంటాయి. పెట్టుబడి ఇచ్చిన దళారే చేపకు ధర చెప్పేటోడు.

1992లో నాబార్డు పొదుపు సంఘాలను బ్యాంకులతో కలిపే పని మొదలుపెట్టింది. తర్వాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం ద్వారా అది మన ఊళ్లకు చేరింది. లెక్క చూద్దాం. గంప పెట్టుబడికి 5,000 రూపాయలు నూటికి నెలకు 5 రూపాయల మిత్తికి తెస్తే ఏడాదికి మిత్తే 3,000. అదే సంఘంలో రూపాయి మిత్తికి తీసుకుంటే 600. మిగిలిన 2,400 పిల్లల ఫీజుకో, ఐసు పెట్టెకో పనికొస్తది. అప్పు దళారి దగ్గర లేకుంటే, చేప ధర కూడా మనమే చెప్పొచ్చు. ఇప్పుడు ఇందిరా మహిళా శక్తి కింద చేపలమ్మే బండ్లు కూడా మహిళా సంఘాలకు వస్తున్నయి.

అయితే గంగ మునుపటిలెక్క లేదు. పూడిక నిండి 112 టీఎంసీల జలాశయం 80 దగ్గరికి వచ్చింది. 2013 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఎగువన బాబ్లీ గేట్లు జులై 1 నుంచి అక్టోబర్ 28 వరకే తెరిచి ఉంటాయి. నీళ్లు తగ్గితే చేప తగ్గుద్ది, చేప తగ్గితే ముందు ఖాళీ అయ్యేది మన గంపే. కాబట్టి నీళ్ల ముచ్చట, చేప పిల్లల ముచ్చట మగవాళ్ల మీటింగులకే వదలొద్దు. చేప పని చేసే ప్రతి అక్క, చెల్లె మత్స్య సంఘం పుస్తకంలో తన పేరు ఉందో లేదో ఈ ఏడు అడిగి చూడాలి. లేకుంటే రాయించుకోవాలి.