రాణి మీద ఇంకో నేరం

రొట్టె దొరక్కపోతే కేకులు తినమందట. మేరీ ఆంటోనెట్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఇదే. డిగ్రీ పరీక్షలో నేనూ అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆమె ఆ మాట అన్నదనడానికి ఆధారం లేదు. ఎవరో రాకుమారి అలా అన్నదని రూసో తన ఆత్మకథలో రాసేనాటికి ఆంటోనెట్ వియన్నాలో చిన్నపిల్ల. అయినా మాట ఆమెకే అతుక్కుంది.

1770లో, పద్నాలుగేళ్లకే, ఆస్ట్రియా ఫ్రాన్సుల స్నేహానికి పూచీకత్తుగా ఆమెకు పెళ్లి చేసి పంపారు. ఏడేళ్లు దాంపత్యం మొదలే కాలేదు. సంసారం ఇద్దరిదీ, సంజాయిషీ మాత్రం ఆమెది. తల్లి మరియా థెరీసా ఉత్తరాల్లో నెలసరి సంగతులు కూడా ఆరా తీసేది. 1778లో తొలికాన్పు జనం కిక్కిరిసిన గదిలో జరిగింది, రాజవంశపు బిడ్డ పుట్టుకకు సాక్షులుండాలి కాబట్టి. ఆమె స్పృహ తప్పింది. పుట్టింది ఆడపిల్ల.

దర్బారు అలా బహిరంగం చేసిన శరీరాన్నే బూతు కరపత్రాలు వీధికెక్కించాయి. 1785 నాటి వజ్రాల హారం కేసు చూడండి. ఆ హారం ఆమె కొనలేదు. రాణిలా వేషం వేసిన ఒక స్త్రీని రాత్రివేళ వెర్సాయి తోటలో చూపించి, కార్డినల్ రోహాన్‌ను మోసగాళ్లు నమ్మించారు. 1786లో న్యాయస్థానం అతన్ని నిర్దోషిగా వదిలేసింది. అంటే, రాణి చీకట్లో పరపురుషుణ్ణి కలుసుకోవడానికి వస్తుందని ఒక మగవాడు నమ్మడం తప్పేమీ కాదన్నమాట! తీర్పు అతనికి, మచ్చ ఆమెకు.

ఆమెను అమాయకురాలిని చెయ్యడం నా ఉద్దేశం కాదు. ఖజానాను ముంచినవి ప్రధానంగా యుద్ధాల అప్పులే అయినా, ఆమె విలాసాలు నిజం. 1789 అక్టోబరులో రొట్టె కోసం వెర్సాయికి నడిచిన పారిస్ ఆడవాళ్ల ఆకలి అంతకంటే నిజం. 1792లో యుద్ధం ముంచుకొస్తుంటే ఫ్రెంచి సేనల పథకాలను ఆమె ఆస్ట్రియాకు చేరవేసింది కూడా.

మరి 1793 అక్టోబరు 14న మొదలైన విచారణలో దేశద్రోహం ఒక్కటే ఎందుకు సరిపోలేదు? ఎనిమిదేళ్ల కొడుకును జూలైలోనే ఆమె నుంచి విడదీశారు. వాడిచేత కాగితం మీద సంతకం పెట్టించి, తల్లి తనను లైంగికంగా చెరిచిందనే ఆరోపణను ఎబేర్ కోర్టులో వినిపించాడు. ఆమె మొదట జవాబివ్వలేదు. మళ్లీ అడిగితే, అక్కడున్న తల్లులందరినీ ఉద్దేశించి మాట్లాడింది. ఆ జనవరిలో గిలెటిన్ ఎక్కిన ఆమె భర్త పడకగది గురించి విచారణలో ఎవరూ అడగలేదు.

16న తల తీశారు. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏడేళ్లు, ఇప్పుడు నా వయసు. 30న మహిళా సంఘాలను నిషేధించారు. నవంబరు 3న ఒలంప్ ద గూజ్‌ను చంపారు. 1791లో తన స్త్రీ హక్కుల ప్రకటనను ఈ రాణికే అంకితమిచ్చిన రచయిత్రి ఆమె. 8న మదాం రోలాఁ వంతు. ఆ నెలలోనే ఒక ప్రభుత్వ అనుకూల పత్రిక ఈ ముగ్గుర్నీ ఒకేచోట పేర్కొని ఆడవాళ్లకు హెచ్చరిక చేసింది. రాణి చెడ్డ తల్లి, చెడిపోయిన భార్య. గూజ్ తన ఆడతనానికి తగిన గుణాలు మరిచింది. రోలాఁ తల్లి అయివుండి తన స్థానం దాటాలనుకుంది. రాణి దేశద్రోహం ఆ వాక్యాల్లో వెనక్కి పోయింది.