పిచ్చి కుక్క గేదెను కరిచిందా? వెంటనే ఈ పని చేయండి.. రూల్స్ ఏం చెబుతున్నాయంటే..

పిచ్చి కుక్క మనిషిని కరిస్తే ఆస్పత్రికి పరుగెడతాం. అదే పాడి గేదెనో, మేకనో కరిస్తే? చాలామంది పసరు పూసి వదిలేస్తారు. ఇక్కడే ముప్పు మొదలవుతుంది.

ముందుగా చేతులకు గ్లౌజులు వేసుకుని, కాటు పడిన చోట సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం లాంటివి పెట్టొద్దు. తర్వాత పశువైద్యుడికి చూపించాలి. సాధారణంగా 0, 3, 7, 14, 28 రోజుల్లో టీకా వేస్తారు. ఏపీ, తెలంగాణ రెండింటిలోనూ 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. కరిచిన కుక్కను 10 రోజులు గమనించాలన్న మాట నిజమే కానీ, అప్పటిదాకా టీకా ఆపకూడదు.

లక్షణాలు కొన్ని వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత బయటపడతాయి. పశువు అదేపనిగా అరుస్తుంది, చొంగ కారుస్తుంది, మేత మింగలేదు. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని రైతులు నోట్లో చెయ్యి పెట్టేస్తుంటారు. అస్సలు పెట్టొద్దు! వైరస్ ఉండేది ఆ చొంగలోనే. పొరపాటున పెట్టి ఉంటే వెంటనే చేతులు కడుక్కుని ఆస్పత్రికి వెళ్లాల్సిందే. లక్షణాలు మొదలయ్యాక పశువుకు చికిత్స లేదు.

మరి పాల సంగతేంటి? అనుమానం ఉన్న పశువు పాలు వాడకపోవడమే మంచిది. అయితే మరిగించిన పాలు ముందే తాగేసినవాళ్లు కంగారు పడక్కర్లేదు, వేడికి వైరస్ చచ్చిపోతుంది. పచ్చిపాలు తాగి ఉంటే మాత్రం డాక్టర్‌ను అడగాలి.

ఇక రూల్స్ విషయానికొస్తే.. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం జాబితాలో రేబిస్ ఉంది. జబ్బు అనుమానం ఉంటే యజమాని గ్రామాధికారికి గానీ పంచాయతీకి గానీ చెప్పాలి, ఆ పశువును మంద నుంచి విడిగా కట్టాలి. గుట్టుగా సంతలో అమ్మేద్దామంటే కుదరదు.

కుక్కను కొట్టి చంపడానికీ వీల్లేదు. 2023 ఏబీసీ నిబంధనల ప్రకారం పిచ్చి కుక్కపై ఫిర్యాదు వస్తే స్థానిక సంస్థ సిబ్బంది పట్టుకెళ్లి విడిగా ఉంచాలి. రేబిస్ అని తేలితే చనిపోయేదాకా అక్కడే ఉంచుతారు. టీకా, ఆపరేషన్ అయిన కుక్కలను పట్టుకున్న చోటే వదలాలని 2025 ఆగస్టు 22న చెప్పిన సుప్రీంకోర్టు కూడా, రేబిస్ సోకినవాటిని, అనుమానం ఉన్నవాటిని మినహాయించింది.